థోర్ సినిమాల్లో పురాణం పాలెంత?

మీ అబ్బాయికి చెప్పడానికని మీరడిగిన ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. లోకి నిజంగానే థోర్‌కి తమ్ముడా? అర్హత ఉన్నవాడు తప్ప ఎవరూ ఎత్తలేని సుత్తి నార్స్ పురాణంలో, అంటే స్కాండినేవియా పాత దేవుళ్ల కథల్లో, ఉందా? 2011 నుంచి 2022 దాకా వచ్చిన నాలుగు మార్వెల్ థోర్ సినిమాల్లో మూలానికి దగ్గరగా ఉన్నది ఏది? మొదటి రెండింటికి జవాబు చిన్నదే: తమ్ముడు కాదు, అలాంటి సుత్తీ లేదు. మూడోదానికి నేను చెప్పేది కొందరికి మింగుడుపడదు. దేవుళ్ల చేత జోకులేయించి పరువు తీశారని తిట్లు తిన్న 'థోర్: రాగ్నరాక్' (2017) మిగతావాటికంటే మూలానికి దగ్గర. కిరీటాలు, సింహాసనాలు, బరువైన డైలాగులతో తీసిన మొదటి 'థోర్' (2011) దూరం. సినిమా కథా చర్చల్లో కూర్చోవడం నా వృత్తి, నార్స్ కథలు చదవడం పాత పిచ్చి. ఆ రెండు వైపుల నుంచీ చెబుతాను.

ముందు మూలం సంగతి. నార్స్ పురాణం అనగానే మన రామాయణ భారతాల్లాంటి పెద్ద గ్రంథమేదో ఉందనుకుంటాం. అలాంటిదేమీ లేదు. మనదాకా వచ్చినవాటిలో ముఖ్యమైనవి రెండు, రెండూ ఐస్‌లాండ్‌లో రాసినవే. ఒకటి 1220 ప్రాంతంలో స్నోర్రి స్టుర్లుసన్ రాసిన వచన ఎడ్డా. రెండోది పాత పద్యాలన్నిటినీ పేరు తెలియని లేఖకుడెవరో 1270 ప్రాంతంలో తోలు పుటల మీదికెక్కించిన రాతప్రతి, కోడెక్స్ రేగియస్. ఆ పద్యాలనే పద్య ఎడ్డా అంటారు. ఐస్‌లాండ్ వాళ్లు క్రైస్తవం పుచ్చుకున్నది 1000 ప్రాంతంలో. అంటే ఈ దేవుళ్ల కథలు కాగితానికి, కాదు, తోలుకి ఎక్కేసరికి ఆ దేవుళ్లను కొలిచేవాళ్లు అక్కడ మిగల్లేదు. స్నోర్రి కూడా భక్తితో రాయలేదు. పాత కవుల అలంకారాలు కుర్ర కవులకు బోధపడాలంటే వాటి వెనకున్న కథలు తెలియాలని రాశాడు. రాజకీయాల్లో పీకల్లోతు మునిగినవాడు, 1241లో నార్వే రాజు తరఫు మనుషుల చేతిలో సొంత ఇంట్లోనే హతమయ్యాడు. కోడెక్స్ రేగియస్‌ని 1662లో డెన్మార్క్ రాజుకి కానుకగా పంపేశారు. 1971 ఏప్రిల్‌లో అది ఓడ మీద రేక్యవిక్‌కి తిరిగొచ్చిన రోజు రేవంతా జనమే. కాబట్టి 'అసలు కథ' అని మనం అనేది కూడా ఎవరో తమ అవసరానికి కూర్చి చెప్పిందే. ఇది గుర్తుంటే సినిమావాళ్ల మీద కోపం సగం చల్లారుతుంది.

పైగా సినిమావాళ్లు పనిచేసింది నేరుగా ఎడ్డాతో కాదు, కామిక్‌తో. 1962 ఆగస్టు తేదీ వేసుకొచ్చిన 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచికలో మార్వెల్ థోర్ పుట్టాడు. స్టాన్ లీ, ఆయన తమ్ముడు లారీ లీబర్ కథ అల్లితే జాక్ కర్బీ బొమ్మలు వేశాడు. డోనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరు నార్వే వెళ్లి, గుహలో దొరికిన కర్రను నేలకేసి కొట్టి థోర్ అయిపోతాడు. అతను తలపడేది ఎవరితో అనుకున్నారు? శనిగ్రహం నుంచి దిగిన రాతిమనుషులతో. రాగ్నరాక్‌లో మెత్తగా మాట్లాడే రాతివాడు కోర్గ్ ఆ జాతివాడే. సాగాల్లో, అంటే పాత ఐస్‌లాండ్ వచన కథల్లో, ఎర్రగడ్డంతో కనిపించే థోర్ ఇక్కడ గడ్డం లేకుండా బంగారు జుట్టుతో వచ్చాడు. సుత్తి మీద 'అర్హుడైతే థోర్ శక్తి అతనిదే' అన్న రాత కూడా ఆ సంచికలోదే. వోల్‌స్టాగ్, ఫాండ్రల్, హోగన్ అనే ముగ్గురు మిత్రుల్ని ఎడ్డాల్లో ఎంత వెతికినా దొరకరు, వాళ్లూ లీ, కర్బీల సృష్టే.

ఇప్పుడు సుత్తి. పురాణంలో దాని పేరు మ్యోల్నిర్, దాని పుట్టుక కథ భలే ఉంటుంది. థోర్ భార్య సిఫ్ జుట్టుని లోకి ఆకతాయితనంగా కత్తిరించేస్తాడు. ఎముకలు విరగ్గొడతానని థోర్ మీదికొస్తే, మరుగుజ్జులతో బంగారు జుట్టు చేయించి తెస్తాడు. అంతటితో ఊరుకోడు. బ్రోక్ అనే మరుగుజ్జుతో, నీ అన్న ఇంతకంటే మంచి వస్తువులు చేయలేడని తన తలనే పందెం కాస్తాడు. వాళ్లు కొలిమి దగ్గర పనిలో ఉంటే ఈగ రూపంలో వెళ్లి తిత్తి ఊదేవాణ్ణి కుడతాడు. చివరిసారి కనురెప్ప మీద కుడితే, కంట్లోకి కారిన రక్తం తుడుచుకోవడానికి అతను ఒక్క క్షణం చేయి తీస్తాడు. అందుకే సుత్తి పిడి పొట్టిదైంది. అయినా దేవతలు అన్నిటిలోకీ సుత్తే గొప్పదని తేల్చారు, లోకి ఓడాడు. తల తీసుకోవడానికి బ్రోక్ వస్తే 'తల నీదే, మెడ మాత్రం పందెంలో లేదు' అని వాదిస్తాడు. ఒళ్లుమండిన బ్రోక్ అతని పెదవులు కుట్టేస్తాడు.

ఈ మొత్తంలో అర్హత ఊసు ఎక్కడా లేదు. థోర్‌కే దాన్ని పట్టుకోవడానికి ఇనుప చేతొడుగులు కావాలి. థ్రిమ్ అనే రాక్షసుడు దాన్ని నిక్షేపంగా ఎత్తుకుపోతాడు. లోకం అంతమయ్యాక అది థోర్ కొడుకులు మాగ్ని, మోదిల చేతికొస్తుంది. అది ఎవరి చేతిలో ఉందనేదే అక్కడ సమస్య, ఆ చేతికి యోగ్యత ఉందా అని ఎవరూ అడగరు. ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. వైకింగుల కాలంలో సుత్తి ఆకారపు లాకెట్లు మెడలో వేసుకునేవాళ్లు. అలాంటివి స్కాండినేవియాలో చాలా బయటపడ్డాయి. 2014లో డెన్మార్క్‌లోని లోలాండ్ ద్వీపంలో దొరికిన ఒక పదో శతాబ్దపు లాకెట్ మీద రూన్ లిపిలో రాత కూడా ఉంది. దాని అర్థం: 'ఇది సుత్తి'. అంతే.

అలాగని అర్హత అనే కల్పనని నేను తీసిపారేయను. సూపర్‌హీరో కథకి అది బంగారంలాంటి ఆలోచన. శక్తి ఉన్నవాడు దాన్ని పోగొట్టుకుని, మారి, మళ్లీ సంపాదించుకోవడం అనే మొత్తం స్క్రీన్‌ప్లే ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది. పురాణంలో థోర్ మారడు. మొదట ఎలా ఉన్నాడో చివరా అలాగే ఉంటాడు: కోపిష్టి, తిండిపోతు, నమ్మదగినవాడు. అలాంటి పాత్రతో రెండు గంటల సినిమా నడపడం కష్టం.

లోకి విషయం. అతని తండ్రి ఫార్బౌతి అనే రాక్షసుడు, తల్లి లౌఫే. అవును, సినిమాలో మంచు రాక్షసుల రాజుగా చూపించిన లౌఫే పురాణంలో తల్లి. లోకికి చుట్టరికం ఉన్నది థోర్ తండ్రి, దేవతల పెద్ద అయిన ఓడిన్‌తో. 'ఒకప్పుడు మనిద్దరం రక్తం కలుపుకున్నాం, గుర్తుందా' అని దేవతల విందులో నిండు సభ ముందు ఓడిన్‌నే నిలదీస్తాడు. ఆ లెక్కన వరస కలిపితే థోర్‌కి అతను చిన్నాన్న అవుతాడు! ఫెన్రిర్ అనే తోడేలు, లోకాన్ని చుట్టుకున్న మహాసర్పం, మృతలోకాన్ని ఏలే హెల్, ముగ్గురూ లోకి పిల్లలే. రాగ్నరాక్ సినిమాలో ఈ హెల్‌ని హేలాగా మార్చి ఓడిన్ పెద్ద కూతుర్ని చేశారు, ఆమె తోబుట్టువు కావలసిన తోడేలుని ఆమెకి వాహనం చేశారు. ఇంకో విడ్డూరం, ఓడిన్ ఎక్కే ఎనిమిది కాళ్ల గుర్రానికి లోకి తల్లి. ఆడగుర్రం రూపంలో ఉండగా కన్నాడు. ఈ ట్రాక్‌ని ఏ స్టూడియో ముట్టుకుంటుంది చెప్పండి.

పురాణంలో థోర్, లోకి చాలాసార్లు కలిసి ప్రయాణాలు చేస్తారు. ఒకడు బలం, ఒకడు బుర్ర. చివరికి మాత్రం లోకి దేవతలకు శత్రువు. ఈ స్నేహం, ఈ ద్రోహం ఒకే గొడుగు కిందికి రావాలంటే కామిక్ రచయితలకు సులువైన దారి అన్నదమ్ముల్ని చేయడం. మా చర్చల్లోనూ ఇది ఎప్పుడూ వచ్చేదే. విలన్‌కి హీరోతో రక్తసంబంధం కలిపేస్తే సెంటిమెంటు దానంతటదే పుడుతుంది.

2011 సినిమా ఈ అన్నదమ్ముల కథనే వెన్నెముక చేసుకుంది. దర్శకుడు కెనెత్ బ్రానా షేక్‌స్పియర్ నాటకాలు ఆడి, తీసి పేరు తెచ్చుకున్నవాడు. 'హెన్రీ ది ఫిఫ్త్' (1989), 'హామ్లెట్' (1996) ఆయనవే. అందుకే దేవతల నగరమైన ఆస్‌గార్డ్‌లో ఆయనకి కనిపించింది ఒక ముసలి రాజు, ఇద్దరు కొడుకులు, వారసత్వం. ఆ ఇంటి గొడవ వరకు సినిమా చాలా బాగుంటుంది. లోకి పాత్రలో టామ్ హిడిల్‌స్టన్ మొదట థోర్ పాత్రకే ఆడిషన్ ఇచ్చాడు, తెర మీద ఆ ఆకలి కనిపిస్తుంది. కానీ నార్స్ దేవతల్లో వారసత్వ సమస్యే లేదు. ఓడిన్ ఎవరికీ పీఠం అప్పగించడు. థోర్ యువరాజూ కాదు. ఒక పాత పద్యంలో, పడవ నడిపేవాడి వేషంలో ఉన్న ఓడిన్ థోర్‌ని ఎత్తిపొడుస్తాడు: యుద్ధంలో చచ్చిన ప్రభువులు ఓడిన్ దగ్గరికి పోతారు, బానిసలు థోర్ దగ్గరికి పోతారని. అతను పొలం దున్నేవాళ్ల, పడవల వాళ్ల దేవుడు. పదకొండో శతాబ్దంలో బ్రెమెన్‌కి చెందిన ఆడమ్ అనే మతాచార్యుడు స్వీడన్‌లోని ఉప్సాలా గుడి గురించి రాస్తూ, మధ్య ఆసనం థోర్‌దే అన్నాడు. జనానికి దగ్గరివాడు కాబట్టే అంత గౌరవం.

ఇంకో మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. సినిమాలో ఓడిన్ కన్ను మంచు రాక్షసులతో యుద్ధంలో పోతుంది. ఎడ్డాలో ఆ కన్ను ఆయన తనంతట తాను మిమిర్ బావిలో ఇచ్చేసుకున్నాడు, జ్ఞానం కోసం. ఏం జ్ఞానం? అన్నిటికీ చివర ఏముందో తెలుసుకోవడం. చనిపోయిన ప్రవక్తలను సమాధుల నుంచి లేపి మరీ అడుగుతాడు. తెలిసేది ఒకటే: తాము ఓడిపోతాం, తోడేలు తనను మింగుతుంది, లోకం కాలిపోతుంది. అది తెలిసీ వీరుల్ని పోగుచేస్తూ, ఆ రోజుకి సిద్ధపడుతూ ఉంటాడు. నార్స్ కథలన్నిటి మీదా ఆ నీడ ఉంటుంది. మొదటి సినిమాలో అది మచ్చుకైనా లేదు. బంగారు నగరం, ఎప్పటికీ నిలిచేటట్టు. దేవుళ్లను వేరే లోకం నుంచి వచ్చిన, మనకంటే విజ్ఞానం ముదిరిన జాతిగా చెప్పడం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. అదే ప్రపంచంలో అప్పటికే ఐరన్ మ్యాన్ తిరుగుతున్నాడు, మరుసటి ఏడు ఇద్దరూ ఒకే తెర మీదికి రావాలి. 2013 నాటి 'ది డార్క్ వరల్డ్' గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చీకటి ఎల్ఫ్‌లు అనే జాతి పేరు ఎడ్డాది, మిగతాదంతా కామిక్.

ఇక హాస్యం. 'దేవుళ్లని జోకర్లని చేశారు' అనేవాళ్లకి నేను చూపించే పద్యం థ్రిమ్స్‌క్విదా. థోర్ నిద్రలేచేసరికి సుత్తి లేదు. గడ్డం పీక్కుంటాడు, చుట్టూ తడుముకుంటాడు. దాన్ని ఎనిమిది ఆమడల లోతున పాతిపెట్టాననీ, ఫ్రేయా అనే దేవతని పెళ్లాంగా పంపితేనే ఇస్తాననీ థ్రిమ్ కబురు. ఫ్రేయా ఆ మాట విని బుసకొడితే మెడలో హారం తెగిపడుతుంది. అప్పుడు దేవతల కావలివాడు హైమ్‌డాల్ ఒక ఉపాయం చెబుతాడు: థోర్‌నే పెళ్లికూతుర్ని చేసి పంపుదాం. మేలిముసుగు, నడుముకి తాళాల గుత్తి, మెడలో అదే హారం. లోకి దాసి వేషంలో వెంట వెళతాడు. పెళ్లి విందులో వధువు ఒక ఎద్దుని, ఎనిమిది సాల్మన్ చేపల్ని, ఆడవాళ్ల కోసం వేరే పెట్టిన తినుబండారాలన్నిటినీ ఊడ్చేసి, మూడు పీపాల మధువు తాగుతుంది. పెళ్లికొడుకు నోరెళ్లబెడితే, 'మీ మీద బెంగతో ఎనిమిది రాత్రులు ముద్ద ముట్టలేదు పాపం' అంటాడు దాసి. ముద్దుపెట్టుకుందామని ముసుగెత్తితే నిప్పులు కక్కే కళ్లు, వాడు గది చివరిదాకా వెనక్కి ఎగిరి పడతాడు. 'ఎనిమిది రాత్రులు నిద్ర కూడా లేదు' అని మళ్లీ దాసి. పెళ్లికూతుర్ని ఆశీర్వదించడానికి సుత్తి తెప్పించి ఒళ్లో పెడతారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవడూ మిగలడు.

మనవాళ్లకి ఇది చదవగానే 'మాయాబజార్' (1957) గుర్తురాక మానదు. మాయా శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు పెళ్లిపీటల మీద చేసే ఆగం, ఆ విందు భోజనం, అన్నీ ఉన్నాయి. మన సినిమాలోని ఆ పెళ్లి కథ కూడా వ్యాసభారతంలో లేదన్నది తెలిసిందే. అయినా దాన్ని చూసి ఎవరూ భారతాన్ని ఖూనీ చేశారనలేదు.

రాగ్నరాక్ దర్శకుడు టైకా వైటిటి న్యూజిలాండ్ వాడు. సంభాషణలు చాలామటుకు సెట్లో అప్పటికప్పుడు అల్లినవేనని చెప్పుకున్నాడు. ఆయన ఈ పద్యాలు చదివాడో లేదో నాకు అనవసరం, ఆ రుచి మాత్రం పట్టుకున్నాడు. బలశాలికి పదే పదే భంగపాటు జరగడం, అయినా అతని మీద మనకి ప్రేమ తగ్గకపోవడం, అది ఎడ్డాలోని థోరే. రెండోది, ముగింపు. పురాణంలో రాగ్నరాక్‌ను, అంటే దేవతల ప్రళయాన్ని, ఎవరూ ఆపలేరు. ఓడిన్‌ని తోడేలు మింగుతుంది. థోర్ సర్పాన్ని చంపి, తొమ్మిది అడుగులు వేసి, దాని విషానికి కూలిపోతాడు. హైమ్‌డాల్, లోకి ఒకరినొకరు చంపుకుంటారు. సుర్తుర్ అనే అగ్ని రాక్షసుడి నిప్పుతో లోకమంతా కాలిపోతుంది. తర్వాత సముద్రంలోంచి పచ్చటి నేల పైకి తేలుతుంది, అడవిలో దాక్కుని బతికిన ఒక జంట నుంచి మనుషులు మళ్లీ మొదలవుతారు. మామూలు సూపర్‌హీరో సినిమాలో క్లైమాక్స్ అంటే ప్రళయాన్ని ఆపడం. ఇక్కడ హీరో మొదటి సీన్లో ప్రళయాన్ని ఆపాననుకుని, చివరికి తానే దాన్ని పిలిపించాల్సి వస్తుంది. ఆస్‌గార్డ్ కాలిపోతుంది, ఓడలో జనం మిగులుతారు. వంద కోట్ల డాలర్ల లెక్కలు వేసుకునే స్టూడియో హీరో ఊరిని బూడిద చేయనివ్వడం చిన్న విషయం కాదు. ఇంకో తమాషా, పద్యంలో రాగ్నరాక్ రోజున లోకి ఓడ నడుపుకుంటూ వస్తాడు, దేవతల మీదికి. సినిమాలోనూ ఓడలోనే వస్తాడు, జనాన్ని కాపాడటానికి. ఎవరు రాసినా తెలిసి రాశారు.

లోపాలు లేకపోలేదు. ఎడ్డాలో అంతానికి నాంది ఓడిన్ కొడుకు బాల్డర్ చావు, ఆ పాత్రే ఇందులో లేదు. సినిమాలో సగం సకార్ అనే గ్రహం మీద, 2006 నాటి హల్క్ కామిక్ నుంచి తెచ్చిన కథతో గడిచిపోతుంది. ముగ్గురు మిత్రుల్ని చీమల్ని నలిపినట్టు నలిపేశారు. ఆస్‌గార్డ్ పేలిపోతున్న క్షణంలో పునాదులైతే ఉన్నాయిగా అని కోర్గ్ చేత జోకేయించడం నాకు ఇప్పటికీ చిరాకే. ఎడ్డాకి నవ్వడం తెలుసు, ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. ప్రళయం చెప్పే పద్యంలో ఒక్క నవ్వూ ఉండదు. ఇక తర్వాతి 'లవ్ అండ్ థండర్' (2022), మన దగ్గర తెలుగులో కూడా వచ్చింది, అదే మసాలా మోతాదు మించి పోసింది. అందులో అరిచే మేకలు నిజంగా పురాణంలోవే. థోర్ రథాన్ని లాగే ఆ రెండు మేకల్ని రాత్రి కోసుకుని తిని, తోళ్ల మీద ఎముకలు పేర్చి పొద్దున సుత్తితో దీవిస్తే మళ్లీ లేచి నిలబడతాయి. ఒకసారి ఆతిథ్యమిచ్చిన రైతు కొడుకు మూలుగ కోసం ఎముక చీల్చాడు, ఒక మేక కుంటిదైంది, ఆ తప్పుకి వాడు థోర్‌కి సేవకుడయ్యాడు. ఇంత కథ చేతిలో పెట్టుకుని వాటి చేత అరిపించి వదిలేశారు.

హైమ్‌డాల్‌గా నల్లజాతి నటుడు ఇద్రిస్ ఎల్బాని తీసుకున్నప్పుడు లేచిన గొడవ గురించి కూడా ఒక మాట. నేను పైన చెప్పిన పెళ్లి పద్యంలోనే హైమ్‌డాల్‌ని 'దేవతల్లోకెల్లా తెల్లనివాడు' అన్నారు, అది నిజమే. కానీ గడ్డం గీయించుకున్న థోర్‌ని, మగవాడైన లౌఫేని కిక్కురుమనకుండా చూసినవాళ్లు ఇక్కడొక్కచోటే పురాణం తీయడం నాకు సబబనిపించలేదు. నేల మీద గడ్డి పెరిగే చప్పుడు వినగల కావలివాడు అన్న లక్షణాన్ని అంత బాగా నిలబెట్టిన పాత్ర ఈ సినిమాల్లో ఇంకోటి లేదు. ఈ దేవుళ్లను ఇప్పుడు కొలిచేవాళ్లే లేరనుకోకండి. ఐస్‌లాండ్‌లో 1972లో మొదలైన ఆసాత్రూ సంఘానికి మరుసటి ఏడే ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది.

మీ అబ్బాయికి అసలు కథ ఏదైనా చెప్పాలంటే ఉట్‌గార్డ-లోకి కథతో మొదలుపెట్టండి. ఈ లోకి వేరు, ఒక రాక్షస రాజు. అతని కోటలో థోర్ ఒక కొమ్ములోని పానీయాన్ని మూడు గుక్కల్లోనూ ఖాళీ చేయలేకపోతాడు, ఒక పిల్లిని ఎత్తబోతే ఒక్క కాలే లేస్తుంది, ఒక ముసలమ్మతో కుస్తీపట్టి మోకాలి మీదికొస్తాడు. మర్నాడు ఆ రాజే గుట్టు విప్పుతాడు: కొమ్ము రెండో కొస సముద్రంలో ఉంది, పిల్లి ఆ మహాసర్పం, ముసలమ్మ వార్ధక్యం. పదేళ్ల పిల్లలు పడి పడి నవ్వుతారు. దాని తర్వాత థ్రిమ్ పెళ్లి చెప్పండి. లోకి దేవతలందరినీ తిట్టిపోసే లోకసెన్నా అనే పద్యం మాత్రం వాడు కాలేజీకి వెళ్లాక తనే చదువుకుంటాడు లెండి, ఆ తిట్లు పెద్దల ముందు చదివేవి కావు.